ముంపు నీటిని తోడిన గాలిమరను లోపలికి వెళ్లి చూడాలంటే నెదర్లాండ్స్‌లో ఏ ఊరు మేలు?

ప్రశ్న (సోంపేట నుంచి):
మా అబ్బాయి ఉద్యోగరీత్యా రోటర్‌డామ్‌లో ఉంటున్నాడు. మే నెలలో నేను, మా ఆవిడ అక్కడికి వెళుతున్నాము. బీల (చిత్తడి నేల) పక్కన పొలం ఉన్నవారికి ముంపు నీరు దిగకపోతే వరి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు; అందుకే సముద్రమట్టానికి దిగువనున్న నేలల్లోంచి ఆ దేశస్థులు గాలి బలంతో నీటిని ఎలా బయటికి పంపారో కళ్లారా చూడాలని ఉంది. ఫొటోలు దిగి వచ్చేసే చోటు కాక, యంత్రాన్ని దగ్గరగా చూడగలిగే చోటు చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం నుంచి):
రోటర్‌డామ్‌కు దగ్గరలోనే కిండర్‌డైక్ ఉండగా వేరే చోటు వెతకనక్కరలేదండి. అక్కడ 19 గాలిమరలున్నాయి. 1997లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీరు తీసేకొద్దీ అక్కడి పీట్ నేల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి నేల) కుంగిపోయి, మురుగు కాలువల నీరు దానంతట అది నదిలోకి పోలేని స్థితి రావడంతో 1738లో ఎనిమిది ఇటుక మరలను, 1740లో గడ్డి కప్పిన మరో ఎనిమిదింటిని కట్టారు. మీరు చూడవలసింది రెక్కలను కాదు, కింద తిరిగే చక్రాన్ని. మనం గూడ వేసి తోడినట్లు అది నీటిని పాత్రలో ఎత్తదు. ఇరుకైన తొట్టిలో చెక్క పలకలతో నీటిని తోసుకుంటూ మీటరున్నర లోపు ఎత్తుకు చేరుస్తుంది. చక్రం ఆగగానే అవతలి నీరు వెనక్కు రాకుండా ఒక తలుపు తనంతట తానే మూసుకుంటుంది. నాకైతే ఆ తలుపే అన్నింటికన్నా తెలివైన పనిగా తోచింది. ప్రదర్శనకు ఉంచిన మరల్లోకి టిక్కెట్టుతో వెళ్లవచ్చు. మిగిలిన వాటిలో కుటుంబాలు కాపురముంటున్నాయి కనుక వాకిళ్లలోకి వెళ్లకూడదు.

జవాబు (విజయనగరం నుంచి):
వీలైతే ఉత్తరాన ఆల్క్‌మార్ దగ్గరి స్కెర్మర్‌హార్న్ మ్యూజియం మరను కూడా చూడండి. 1635 నాటికి అక్కడి స్కెర్మర్ సరస్సును ఎండగట్టడానికి 52 మరలను వాడారు; ఒక మర ఎత్తిన నీటిని పై మర అందుకునేది. అక్కడ చక్రానికి బదులు ఆర్కిమెడిస్ స్క్రూను, అంటే తిరుగుతూ నీటిని పైకి చేర్చే పెద్ద మరమేకు లాంటి దాన్ని చూడవచ్చు. గాలిమరలకు పేరుపడ్డ జాన్స్ స్ఖాన్స్ అనే చోట రద్దీ ఎక్కువ, పైగా అక్కడి పేరున్న మరలు రంగులు నూరేవి, నూనె తీసేవి, కలప కోసేవి. మీ ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కగలదా?

జవాబు (శ్రీకాకుళం నుంచి):
లోపలి మెట్లు నిచ్చెనలంత నిటారుగా ఉంటాయి. దిగేటప్పుడు మెట్లవైపు ముఖం పెట్టి దిగాలి. అమ్మగారు కింది గదిలోనే ఉండి, పాతకాలపు వంటిల్లు, పెట్టెలాంటి మంచాలు చూస్తే చాలు. రెక్కలు నేలను తాకేంత కిందికి వస్తాయి కాబట్టి కట్టిన కంచె దాటవద్దు. గాలి లేని రోజున మర తిరగదు, అందుచేత తేదీని ముందే ఖాయం చేసుకోకండి. మే రెండో శని, ఆదివారాలు ఆ దేశంలో మరల దినోత్సవం; మామూలుగా మూసి ఉండే మరలు కూడా చాలావరకు ఆ రెండు రోజులూ తెరుస్తారు.