నేలపట్టు పక్షుల మధ్య నాటు కోళ్లను కాపాడుకోవడం ఎలా?

దొరవారిసత్రం రైతు:
అయ్యా, మా ఇల్లు నేలపట్టు పక్షుల కేంద్రానికి దగ్గరలో, చెరువు కట్ట కింద ఉంది. మా 40 నాటు కోళ్లు పగలంతా గట్ల మీద, చెరువు అంచున ఏరుకు తిని సాయంత్రానికి గూటికి చేరతాయి. అక్టోబరు నుంచి మార్చి వరకు గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, పులికాట్ వైపు దిగే వలస బాతులు ఈ చుట్టుపక్కలే తిరుగుతాయి. వాటి రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని మా పెద్దలు చెప్పేవారు. వాటిని తరిమే ఆలోచన మాకు లేదు. అయితే 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, మరుసటి ఏడాది గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి భయంగా ఉంది. కోళ్లను ఆ ఆరు నెలలూ మూసి పెట్టవలసిందేనా?

పశువైద్యుడు, తిరుపతి:
పైన ఎగిరే కొంగ కంటే, కోడి తాగే నీటిలో పడిన రెట్టే ఎక్కువ ప్రమాదం. అడవి బాతులు పైకి ఏ జబ్బూ కనిపించకుండానే వైరస్‌ను మోయగలవు, చల్లని నీటిలో అది చాలా రోజులు బతుకుతుంది. కనుక చెరువు వైపు వల కంచె కట్టి, బోరు నీటిని పెరట్లోనే పెట్టండి. నీళ్ల తొట్టి, మేత పళ్లెం రేకు కప్పు కిందే ఉండాలి. పైన వల మాత్రమే కడితే పక్షి ఆగుతుంది గాని రెట్ట ఆగదు. మిగిలిన గింజలను సాయంత్రమే ఎత్తివేయండి, లేకుంటే కాకులు, గోరింకలు వాటి కోసం దిగుతాయి. చాలామంది మరచిపోయేది ఇంకొకటి ఉంది: కోతలైన మళ్లలో మేపే బాతుల మందలు. అవి తిరిగిన మడిలోకి కోళ్లను వదలవద్దు, ఆ మడిలో నడిచిన చెప్పులతో గూట్లోకి వెళ్లవద్దు.

పలమనేరు గృహిణి:
అన్నా, మేము ఒక సీజనంతా కోళ్లను ఇరుకు గూట్లో మూసి పెడితే అవి ఒకదాని ఈకలు ఒకటి పీక్కున్నాయి. ఇప్పుడు చింతచెట్టు కింద రేకుల పంచ వేసి, చుట్టూ సన్నకన్ను వల కట్టి, అందులో ఎండుటాకులు పోసి ఆకుకూర కట్టలు వేలాడదీస్తున్నాము. రోజంతా గీరుకుంటూ నెమ్మదిగా ఉంటున్నాయి.

పశువైద్యుడు, తిరుపతి:
ఆ అమ్మ చెప్పిన పంచ మీకూ సరిపోతుంది. పెరటి కోళ్లను ఎక్కువగా చంపేది కొక్కెర తెగులు (రాణిఖెత్ జబ్బు), అది చాలాసార్లు సంతలో కొన్న కోడితోనే వస్తుంది. కొత్త కోడిని రెండు వారాలైనా వేరుగా ఉంచండి. ఆ తెగులు రాకుండా కోడిపిల్లలకు ఏడో రోజున లసోటా టీకా చుక్కల మందు, 28వ రోజున మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా వేయించండి. అయితే ఈ టీకాలు బర్డ్ ఫ్లూను ఆపవు. జుట్టు నీలిరంగుకు తిరిగినా, తల వాచినా, ఒకే రోజు నాలుగైదు కోళ్లు పోయినా వాటిని వట్టి చేతులతో ముట్టుకోకుండా, కోయకుండా, అమ్మకుండా పశువైద్యశాలకు వెంటనే తెలియజేయండి. చచ్చిన కోడిని చెరువులో మాత్రం వేయకండి. అక్కడి కొంగలకూ ఆ జబ్బు సోకవచ్చు.

దొరవారిసత్రం రైతు:
బాతుల మందల సంగతి నాకు తట్టనే లేదు. కోతలయ్యాక మా మళ్లలోకి ఏటా వస్తాయి. ఈ వారమే చెరువు వైపు కంచె కట్టి, బోరు దగ్గర రేకు కప్పు వేస్తాను. సన్నకన్ను వల గజం ఎంత పడిందో ఆ అక్కయ్య చెప్పగలరా?