చెంపలు ఎర్రబడిన పిల్లవాడిని బడికి రానివ్వవచ్చా?

డల్లాస్ కోడలు (సెప్టెంబరు 2024)
డల్లాస్ దగ్గర ఒక పిల్లల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా పనిచేస్తున్నాను. నాకిప్పుడు గర్భం 14వ వారం. మంగళవారం నా గదిలోని నాలుగేళ్ల బాబు, ఎవరో చెళ్లున కొట్టినట్టు రెండు చెంపలూ కందిపోయి వచ్చాడు. చేతులు కడిగిద్దామని చొక్కా పైకి మడిస్తే, మోచేతి దాకా వల పరిచినట్టు దద్దుర్లు. తల్లి డాక్టరు చీటీ చూపించింది. పార్వోవైరస్ బి19 అనే వైరస్ సోకిందట, బడికి పంపవచ్చట. యాజమాన్యం చీటీ చదివి బాబును లోపలికి పంపేసింది. గర్భిణులు పనిచేసే చోటికి దద్దుర్లు తగ్గేదాకా అలాంటి పిల్లలను రానివ్వకూడదు కదా? ఒక్క వారం ఇంట్లో ఉంచుకుంటే వాళ్ల సొమ్మేం పోతుంది?

గోదారి గట్టు
ఉంచుకోవాల్సిందే. మా ఊళ్లో తట్టు పోసినా, ఆటలమ్మ పోసినా గుమ్మానికి వేపమండ కట్టేవారు. అది చూసి కడుపుతో ఉన్నవాళ్లు ఆ గడప తొక్కేవారు కాదు. ఆ పాటి ఇంగితం అమెరికా బడికి లేకపోయిందా? అసలు పార్వో అంటే మా పక్కింటి కుక్కపిల్లను రెండు రోజుల్లో మింగేసిన జబ్బు!

పిల్లల డాక్టరు, వరంగల్
కుక్కల పార్వో వేరండీ. అది మనుషులకు అంటదు, మనది కుక్కలకు అంటదు. ఇంటిపేరు ఒకటే, అంతే. బి19 అనేది కూడా పెద్ద శాస్త్రీయ నామమేమీ కాదు. 1975లో లండన్‌లో ఇవాన్ కోసార్ట్ బృందం హెపటైటిస్ బి కోసం రక్త నమూనాలు పరీక్షిస్తుంటే, బి వరుసలోని 19వ నమూనాలో ఇది బయటపడింది.

వేపమండ మాట తీసిపారేయను. తట్టు దద్దుర్లు వచ్చిన తర్వాత కూడా నాలుగు రోజుల దాకా అంటుతుంది, ఆటలమ్మ పొక్కులు మాడేదాకా అంటుతుంది. బి19 కథ తిరగబడి ఉంటుంది. ముందు కొద్దిపాటి జ్వరం, ముక్కు కారడం, అంటుకునేది అప్పుడే. ఆ తర్వాత ఒంట్లో వైరస్‌తో పోరాడే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారై, వాటి వల్లే చెంపలు ఎర్రబడతాయి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు దద్దుర్లు తేలాయంటే అంటించే దశ దాటిపోయినట్టే. ఇప్పుడు బడి మాన్పించడం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

అట్లాంటా నాన్న
రెండేళ్ల కిందట మా అమ్మాయికి వచ్చింది. చామనచాయ కదా, చెంపల ఎరుపు మాకు తెలియనే లేదు. చేతుల మీద అల్లిక చూసి డాక్టరు చెప్పారు. అప్పటికే పది రోజులుగా తుమ్ముతూ బడికి వెళుతోంది. ముక్కు కారే ప్రతి బిడ్డనూ ఇంటికి పంపితే బడిలో మిగిలేది టీచరమ్మ ఒక్కతే. తర్వాత మా ఆవిడకు వేళ్ల కీళ్లు వాచి నెలన్నర పాటు దోసె పిండి గరిటె పట్టుకోలేకపోయింది. కీళ్లవాతమనుకుని హడలిపోయాం. ఇదే వైరస్. పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఇలా కీళ్ల మీద పడుతుందట.

గోదారి గట్టు
సరే, బాబును వదిలేద్దాం. మరి ఈ అమ్మాయి మాటేమిటి? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పోయిన నెలలోనే హెచ్చరిక ఇచ్చిందిగా. ఏమీ లేనిదే ఇస్తుందా?

పిల్లల డాక్టరు, వరంగల్
ఉండే ఇచ్చింది. 5 నుంచి 9 ఏళ్ల పిల్లల పరీక్షల్లో ఇటీవలి ఇన్ఫెక్షన్ గుర్తు అంతకుముందు 15 శాతం ఉంటే, ఈ జూన్‌లో 40 శాతానికి చేరింది. ఈ వైరస్ ఎముక మజ్జలో ఎర్రకణాలుగా మారబోయే కణాల మీద పడుతుంది. గర్భంలోని బిడ్డకు సోకితే రక్తం తగ్గి, గుండె అలిసి, ఒళ్లంతా నీరు పట్టవచ్చు. గర్భిణికి ఇన్ఫెక్షన్ వస్తే బిడ్డకు హాని జరిగే అవకాశం 5 నుంచి 10 శాతం. 9 నుంచి 20 వారాల మధ్య మరీ జాగ్రత్త.

అమ్మా, మీరు చేయాల్సింది ఆ బాబును ఆపడం కాదు, రేపే రక్తపరీక్ష చేయించుకోవడం. ఐజీజీ (పాత ఇన్ఫెక్షన్ గుర్తుగా మిగిలే ప్రతిరక్షకం) ఉండి ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు పుట్టేది) లేకపోతే ఇది మీకు ఎప్పుడో వచ్చి పోయినట్టు, నిశ్చింతగా ఉండవచ్చు. 20 ఏళ్లు వచ్చేసరికి సగం మందిలో ఆ రక్షణ ఉంటుంది. రెండూ లేకపోతే కొన్ని వారాలకు మళ్లీ పరీక్ష. కొత్తగా సోకినట్టు తేలితే, బిడ్డ మెదడుకు వెళ్లే రక్తం వేగాన్ని డాప్లర్ స్కాన్‌లో చూస్తూ ఉంటారు. అవసరమైతే బొడ్డుతాడు ద్వారా కడుపులోనే రక్తం ఎక్కిస్తారు. దీనికి టీకా లేదు.

ఉట్నూరు వాసి
అందరూ ఎర్ర చెంపల మీదే పడ్డారు. మా అన్న కూతురికి సికిల్ సెల్ ఉంది, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే రక్తపు జబ్బు. మా గూడేల్లో అది కొత్త జబ్బు కాదు. పోయిన చలికాలం రెండు రోజులు జ్వరం వచ్చింది. దద్దురు ఒక్కటి లేదు. మూడో రోజుకు నాలుక, అరచేతులు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. ఎప్పుడూ 8 ఉండే హిమోగ్లోబిన్ మూడున్నరకు పడింది. రెండుసార్లు రక్తం ఎక్కించారు. అందరూ ఉండే వార్డులోనే పడుకోబెట్టారు. పక్క మంచం పిల్లవాడి తల్లి గర్భిణి. ఆవిడే మా పాప నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆమెకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

పిల్లల డాక్టరు, వరంగల్
మీరు చెప్పింది అక్షరాలా నిజం. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, సికిల్ సెల్ ఉన్నవారిలో 10, 20 రోజులే. మజ్జ వారం పాటు పని మానేస్తే మనకు తెలియను కూడా తెలియదు, వాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. ఆ స్థితిలో రోగి నుంచి వైరస్ జోరుగా అంటుతుంది. వేరే గదిలో ఉంచాల్సింది ఆ పాపను.

గోదారి గట్టు
అంటే వేపమండ కట్టాల్సిన గుమ్మం వేరే ఉందన్నమాట. ఒప్పుకుంటున్నాను. కానీ మండ పని జనాన్ని ఆపడం ఒక్కటే కాదు, నలుగురికీ తెలియజేయడం కూడా. ఆ బడివాళ్లు చీటీని సొరుగులో పెట్టి కూర్చున్నారు, అది మాత్రం తప్పే.

డల్లాస్ కోడలు
ఫలితాలు వచ్చాయి. ఐజీజీ ఉంది, ఐజీఎం లేదు. అమ్మకు ఫోన్ చేస్తే "నీకు చిన్నప్పుడు ఎన్ని దద్దుర్లో, ఏది ఏదని గుర్తుపెట్టుకోను" అంది. బాబు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తలుపు మీద ఇంకా నోటీసు పెట్టలేదు. పసిపిల్లల గదిలో పనిచేసే అమ్మాయికి 11వ వారం, ఆమెకు ఇదేమీ తెలియదు. యాజమాన్యం ఏమనుకున్నా సరే, సోమవారం వెళ్లగానే నేనే చెబుతాను.