‘పతితే పతౌ’... మధ్యలో అకారం ఉందా, లేదా?

తిరుచానూరు వాసి: మొన్న మా బంధువుల ఇంట పెళ్లి. అమ్మాయికి ఇది రెండోది. భర్త కనబడకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి ఇంకో భర్త ఉండొచ్చనే పరాశర స్మృతి శ్లోకం ఉంది కదా, ఒక పెద్దాయన దాన్ని ‘నష్టే మృతే ప్రవ్రజితే’ అని ఎత్తుకుని ‘క్లీబే చ’ దగ్గర ఆగిపోయారు. పక్కనున్న విద్యాపీఠం కుర్రాడు ‘పతితే పతౌ’ అని అందించాడు. ఇంకొకాయన ‘పతితేఽపతౌ అనాలి నాయనా’ అన్నారు. నా చెవికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంతలో భోజనాలకు పిలిచేశారు. ఏది ఒప్పు?

వ్యాకరణం మాస్టారు: చెవికి తేడా తెలియదు, తెలియకూడదు కూడా. ‘పతితే’ తర్వాత ‘అపతౌ’ వస్తే అకారం పూర్వరూపమై ముందున్న ఏకారంలో కలిసిపోతుంది. ‘పతిః సమాస ఏవ’ అన్నాడు పాణిని, అంటే ‘పతౌ’ లాంటి రూపాలు సమాసంలోనే. ఒంటరి పతి శబ్దానికి సప్తమి ‘పత్యౌ’. ‘పతౌ’ అసాధువు. ‘అపతౌ’ సమాసం కనుక దోషం లేదు. అపతి అంటే మాట ఇచ్చి పుచ్చుకున్నవాడు, పెళ్లి ఇంకా కానివాడు.

పీలేరు పిల్ల: అంటే సంబంధం చెడిపోయిన పిల్లకే కానీ వితంతువుకి వర్తించదన్నమాట. ఒక్క అకారంతో భలే పని చేశారు మాస్టారూ! నాలుగో పాదంలో ‘పతిరన్యో విధీయతే’, వేరే పతి విహితం అని ఉందిగా? మొదటివాడు పతే కాకపోతే ఈయన ‘అన్యః’ ఎలా అవుతాడు? ఆ వెంటనే వచ్చే శ్లోకం ‘మృతే భర్తరి’, భర్త చనిపోతే అనే మొదలవుతుంది.

గోవిందరాజ వీధి: ఛందస్సు ఎవరూ చూడరేం? అనుష్టుప్పు సరి పాదంలో ఏడో అక్షరం లఘువు కావాలి. ‘పత్యౌ’ పెడితే ‘ప’ గురువైపోతుంది. ‘అపి మాషం మషం కుర్యాత్’, ఛందస్సు కోసం మాషాన్ని మషం చేసినా సరే అన్నారు కదా, యకారం వదిలేశాడు, అంతే. ఋగ్వేదంలో ‘పత్యా’ అనాల్సిన చోట ‘క్షేత్రస్య పతినా’ లేదూ?

వ్యాకరణం మాస్టారు: అది వేదం. అక్కడ షష్ఠి తోడుంది, దానికి పాణిని వేరే సూత్రమే చేశాడు. స్మృతికి ఆ వెసులుబాటు లేదు.

చిత్తూరు చిన్నోడు: మాస్టారూ, ఈ స్మృతికి వ్యాఖ్యానం రాసిన మాధవాచార్యుల వారు ఈ అకారం జోలికి పోలేదు. పునర్వివాహమే అర్థం, కానీ వేరే యుగాలకు అన్నారు. 1855లో విద్యాసాగరుడు పట్టుకున్నది అక్కడే. అదే స్మృతిలో ‘కలౌ పారాశరాః స్మృతాః’, కలిలో పరాశరుడి ధర్మాలే అని ఉండగా కలియుగానికి కాదంటే ఎలా అని. మరుసటి ఏడు వితంతు వివాహ చట్టం వచ్చింది. మన వైపు మొదటి వితంతు వివాహానికి 1881 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది, అదీ రాజమండ్రిలో. వీరేశలింగం గారికీ శాస్త్రవాదం తప్పలేదు. శాస్త్రం వద్దంటే వినేవాళ్లు లేరు, శాస్త్రంలోనే ఉందంటే కనీసం పోట్లాటకైనా వస్తారు.

పీలేరు పిల్ల: శ్లోకం దొరక్కపోయుంటే ఆ పిల్లలు అలాగే ఉండిపోవాలా అన్నా? మన తాళ్లపాక ఆయన ఏ స్మృతినీ సాక్ష్యానికి పిలవలేదు. ‘మెండైన బ్రాహ్మణుడు మెట్టు భూమి యొకటే, చండాలుడుండేటి సరిభూమి యొకటే’ అని తేల్చేశాడు.

తిరుచానూరు వాసి: అకారం సంగతి...

గోవిందరాజ వీధి: ఉండండి సామీ. ‘సరిభూమి’ అంటే ఏమిటమ్మా? సమానమైన భూమి అనుకుంటే ‘ఒకటే’ మళ్లీ ఎందుకు? నా లెక్కలో అది ఊరి సరి, అంటే పొలిమేర నేల. సరిహద్దులో ఉన్న సరే ఇది.

వ్యాకరణం మాస్టారు: సరిహద్దు ఫార్సీ ‘సర్‌హద్’. ఆ ‘సరి’ మనది కాదు.

గోవిందరాజ వీధి: అన్నమయ్య 1503 దాకా ఉన్నాడు. అప్పటికి ఫార్సీ మాటలు మనకు కొత్తా?

వ్యాకరణం మాస్టారు: కొత్త కాదు. ‘హద్దు’ తోడు లేకుండా ‘సరి’ ఒక్కటే పొలిమేర అర్థంలో వచ్చిన ప్రయోగం ఒక్కటి చూపించండి, ఒప్పుకుంటాను.

చిత్తూరు చిన్నోడు: ముందు ఆ కీర్తన ఉన్న రాగిరేకు ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. అచ్చు పుస్తకాన్ని నమ్మను. అక్కడ ‘సరి’లో ఉన్నది మామూలు రేఫమా (ర), శకటరేఫమా (ఱ)?