పోర్చుగల్ యూరోవిజన్‌లో 53 ఏళ్లు ఎందుకు గెలవలేదు?

పాటలపిచ్చి:
యూరప్ దేశాలు ఏటా తలపడే యూరోవిజన్ పాటల పోటీ ఫాలో అయ్యేవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? 2017లో గెలిచిన సాల్వదోర్ సోబ్రాల్ పాట మొన్న యూట్యూబ్‌లో తగిలింది, అప్పట్నుంచి అదే తిప్పి తిప్పి వింటున్నా. తీరా చూస్తే పోర్చుగల్ 1964 నుంచి పోటీలో ఉందట, అన్నేళ్లలో మొదటి గెలుపు అదేనట, అంతకుముందు మొదటి అయిదు స్థానాల్లోకి కూడా రాలేదట. ఫాదో అనే విషాద గీతాల సంగీతం పుట్టిన దేశానికి ఇదేం ఖర్మ? పాటలు బాగోలేకా, రాజకీయాలా, భాషా? నాకు పోర్చుగీసు ముక్క రాదు, అయినా పాట ఎక్కింది, కాబట్టి భాష అంటే నమ్మబుద్ధి కావట్లేదు.

రేడియో_మావయ్య:
పాటలు బాగోలేక మాత్రం కాదండీ. మొదటిసారి కోపెన్‌హాగెన్‌లో ఆంతోనియో కల్వారియో పాడితే వచ్చింది సున్నా. అప్పుడు అక్కడ సలజార్ నియంతృత్వం. ఆ రాత్రే ఒకతను స్టేజీ ఎక్కేసి, స్పెయిన్ నియంత ఫ్రాంకోని, సలజార్‌ని బాయ్‌కాట్ చేయమని బ్యానర్ పట్టుకుంటే లాక్కెళ్లిపోయారు. సున్నాకి అదే కారణం అనలేం, ఎందుకంటే ఆ ఏడాది ఇంకో మూడు దేశాలకూ సున్నాలే.

అసలు సంగతి 1974. ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో పోటీ, స్వీడన్ నుంచి అబ్బా (ABBA) అనే బృందం గెలిచింది కాబట్టి అందరికీ అదే గుర్తు. పోర్చుగల్ తరఫున పౌలో ద కార్వాల్యో ఒక విరహగీతం పాడాడు. 3 పాయింట్లు, ఇంకో మూడు దేశాలతో కలిసి ఆఖరి స్థానం. మూడు వారాలు కూడా తిరగకముందే, ఏప్రిల్ 24 రాత్రి 10.55కి లిస్బన్‌లో ఒక రేడియో స్టేషన్ ఆ పాటే వేసింది. వినేవాళ్లకి మామూలు పాటే, కానీ బ్యారక్‌లలో చెవులు రిక్కించి కూర్చున్న సైనికాధికారులకు అది తిరుగుబాటుకి సిద్ధం కమ్మన్న సంకేతం. అందులో రాజకీయం ఒక్క ముక్క లేదు, విడిపోయాక ప్రేమికుడు పడే బాధ అంతే, పైగా అప్పుడప్పుడే యూరోవిజన్‌కి వెళ్లొచ్చిన పాట, రేడియోలో వస్తే ఎవరికి అనుమానం? అర్ధరాత్రి దాటాక 12.20కి ఇంకో స్టేషన్‌లో జుజె అఫోన్సు పాట వచ్చింది, అది కదలమన్న రెండో సంకేతం. తెల్లారేసరికి లిస్బన్ వీధుల్లో సైనిక వాహనాలు, సాయంత్రానికి ఆ నియంతృత్వ ప్రభుత్వం లేదు. తుపాకుల్లో ఎర్ర కార్నేషన్ పూలు గుచ్చిన ఫోటోలు చూసే ఉంటారు, అవి ఆ రోజువే.

ఆ 3 పాయింట్లు ఇచ్చినవాళ్లకి ఇదంతా ఏం తెలుసు పాపం.

తెనాలి_బాబు:
కథ అదిరింది మావయ్యా, కానీ ప్రశ్నకి జవాబు రాలేదు. భాష ఖచ్చితంగా కారణమే. 1974లో సొంత భాషలోనే పాడాలన్న రూల్ లేదు, అబ్బా హాయిగా ఇంగ్లీషులో పాడేసింది, వీళ్లు పోర్చుగీసు వదల్లేదు. 1999 నుంచి ఆ రూల్ మళ్లీ పోయింది, సగం యూరప్ ఇంగ్లీషుకి మారింది, వీళ్లు మాత్రం మధ్యమధ్యలో కొన్ని ఇంగ్లీషు లైన్లు కలిపారు తప్ప పూర్తి ఇంగ్లీషు పాట పంపింది మొదటిసారి 2021లో. దానికి 12వ స్థానం. సరిహద్దు పంచుకునే దేశం స్పెయిన్ ఒక్కటే కాబట్టి ఉత్తరాది దేశాల్లాగా ఒకరికొకరు ఓట్లేసుకునే బ్యాచ్ కూడా లేదు.

లలిత_వైజాగ్:
బాబుగారూ, ఫ్రాన్స్‌లో, స్విట్జర్లాండ్‌లో పోర్చుగీసు వలస కుటుంబాలు ఎన్నున్నాయో చూడండి. ఫోన్ ఓట్లు వచ్చాక వాళ్లు బాగానే వేశారు, అయినా గెలవలేదు.

నాకు అనిపించేది వేరు. వాళ్లు యూరప్ కోసం పాటలు పంపలేదు, ఇంట్లోవాళ్ల కోసం పంపారు. 1969లో సిమోన్ ద ఒలివేరా పాడిన పాటలో, బిడ్డని కనేవాళ్లు ఇష్టంతోనే కంటారు అనే అర్థంలో ఒక లైన్ ఉంది. నియంతృత్వం, చర్చి రెండూ నెత్తిమీద ఉన్న రోజుల్లో ఒక ఆడమనిషి టీవీలో అలా పాడితే పెద్ద గొడవ. మాడ్రిడ్‌లో 4 పాయింట్లే వచ్చాయి, తిరిగొస్తే లిస్బన్ స్టేషన్‌లో జనమే జనం. అదే ఏడాది నాలుగు దేశాలకు కలిపి మొదటి స్థానం ఇచ్చారు, అది నచ్చక 1970లో పోర్చుగల్ సహా కొన్ని దేశాలు అసలు పోటీకే రాలేదు.

2017కి ముందు వాళ్ల బెస్ట్ 1996లో లూసియా మొనీజ్‌కి వచ్చిన 6వ స్థానం. తర్వాత లవ్ యాక్చువల్లీ సినిమాలో బ్రిటిష్ నటుడు కాలిన్ ఫర్త్ పక్కన పోర్చుగీసు పనిమనిషిగా నటించింది ఆవిడే.

తెనాలి_బాబు:
ఆవిడేనా! ఇన్నాళ్లూ తెలీదు. సరే, ఇంట్లోవాళ్ల కోసం అన్న పాయింట్ ఒప్పుకుంటా, మరి 2017లో మారిందేంటి?

లలిత_వైజాగ్:
ఏమీ మారలేదు, అదే విశేషం. సాల్వదోర్ అక్క లూయిజా రాసిన పాట, పోర్చుగీసులోనే, పాత జాజ్ వాల్ట్జ్ బాణీ. లైట్లు, డాన్సర్లు, పొగ ఏమీ లేకుండా జనం మధ్యలో ఉన్న చిన్న గుండ్రటి స్టేజీ మీద, ఒంటికి వదులైన నల్లకోటు వేసుకుని, వేళ్లు వంకర్లు తిప్పుతూ పాడాడు. గుండె జబ్బు వల్ల పోటీ జరిగిన కీవ్‌కి ఆలస్యంగా వచ్చాడు, మొదటి రిహార్సల్స్‌లో అక్కే పాడింది. జ్యూరీల నుంచి 382, జనం నుంచి 376, మొత్తం 758. ఆ డిసెంబర్‌లోనే గుండె మార్పిడి జరిగింది.

గెలిచాక సంగీతం అంటే బాణసంచా కాదని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అది మాత్రం నాకు నచ్చలేదు. మిగతావాళ్లు కూడా కష్టపడే వచ్చారు కదా.

పాటలపిచ్చి:
అందరికీ థాంక్స్, లలితగారి మాట సరిగ్గా ఉందనిపిస్తోంది. 1969 పాట, 1974 పాట రెండూ విన్నా, రెండోది అద్భుతం. లిస్బన్‌లో జరిగిన 2018 పోటీలో వాళ్ల పాట కూడా విన్నా, చనిపోయిన అమ్మమ్మ గురించి అట, చాలా మెత్తగా ఉంది. దానికి ఎన్నో స్థానం?

రేడియో_మావయ్య:
26 పాటల్లో 26వది, 39 పాయింట్లు. సొంతూళ్లోనే. మరీ దిగులు పడకండి, 2015లో వియన్నాలో పోటీ పెట్టిన ఆస్ట్రియాకి సున్నా వచ్చింది.