కాఫీ తోటలో స్తంభాలు దిగువకి ఒరిగాయి, పైన నేల బీట వేసింది. కొండ కదులుతోందా?

అనంతగిరి మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలం. కొండ వాలు మీద మాకు రెండెకరాల కాఫీ తోట ఉంది. నేను విజయనగరం దగ్గర బడిలో పనిచేస్తాను, సెలవులకి తోటకి వెళ్తుంటాను. ఈసారి అక్కడ చూసిన మూడు సంగతులు చెబుతాను. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

మొదటిది స్తంభాలు. 2011లో నాన్న, నేను కలిసి తోట చుట్టూ ఏడడుగుల సిమెంటు స్తంభాలు పాతాం. రెండడుగులు భూమిలో, ఐదడుగులు పైన. తాపీమేస్త్రీ దగ్గర గుండు దారం తెచ్చి ఒక్కొక్కటీ నిటారుగా నిలబెట్టింది నేనే. ఇప్పటికి పద్నాలుగేళ్లు. మొన్న చూస్తే వాలుకి అడ్డంగా ఉన్న వరసలో పదకొండూ దిగువవైపే ఒరిగి ఉన్నాయి. మళ్లీ దారం వేలాడదీసి కొలిచాను. ఐదడుగుల ఎత్తుకి ఒక్కొక్కటి ఇంచుమించు నాలుగంగుళాలు ఒరిగింది. గట్టు మీద చదునులో పాతిన నాలుగూ మాత్రం ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు కూడా వాలు మీద మొదట్లో కొడవలిలా వంగి, ఆ పైన నిటారుగా లేచాయి.

రెండోది మట్టి. పైన పార దిగితే నాలుగు వేళ్ల లోతులోనే రాయి ఖంగుమంటుంది. అదే అడుగున పల్పర్ (కాఫీ పండ్ల తొక్క తీసే యంత్రం) షెడ్డు కోసం ఆరడుగులు తవ్వినా రాయి తగల్లేదు, అంతా ఎర్రమట్టే. పైన కూడా ఒకప్పుడు మోకాలి లోతు మట్టి ఉండేదని, అక్కడే పోడు కొట్టి సామలు, చోళ్లు పండించేవారని తాత చెప్పేవాడు. ఆ మట్టంతా ఏమైంది?

మూడోదే నాకు టెన్షన్. ఈ వేసవిలో తోట కింది నుంచి జీపు దారి వేశారు. జేసీబీతో వాలుని ఎనిమిదడుగుల ఎత్తున గోడలా నిలువుగా కోసేశారు. దానికి ఇరవై అడుగుల పైన ఇప్పుడు నెలవంకలా ఒక బీట కనిపిస్తోంది. ముప్పై అడుగుల పొడవు, నా రెండు వేళ్లు లోపలికి పడుతున్నాయి. బీటకి దిగువనున్న నేల రెండంగుళాలు కుంగింది. దారి కింద మా చిన్నాన్న వాళ్ల ఇల్లుంది, ఇంట్లో ఆరుగురు.

స్తంభాలు ఒరగడానికీ ఈ బీటకీ కారణం ఒకటేనా?

కటింగ్ కాపలా:
మాస్టారూ, మిగతావి తర్వాత. ముందు చిన్నాన్నగారి కుటుంబాన్ని ఈ వానలు తగ్గేదాకా ఆ ఇంట్లో పడుకోనివ్వకండి. పగలు పనులు చూసుకోవచ్చు, రాత్రి మాత్రం వద్దు.

నేను కొత్తవలస–కిరండూల్ లైన్లో ఇరవై ఆరేళ్లు ట్రాక్ మీద పనిచేసి రిటైరయ్యాను. 1960ల్లో ఆ కొండల్ని కోసి, యాభైకి పైగా సొరంగాలు తవ్వి వేసిన లైను అది. సొరంగానికీ సొరంగానికీ మధ్య ఉన్నవన్నీ కటింగులే. వానాకాలంలో రాత్రిళ్లు లాంతరు పట్టుకుని వాటి కింద నడవడమే నా డ్యూటీ. స్తంభం ఒరిగితే నేను ఎప్పుడూ భయపడలేదు. వాలు మీద పాతిన ఏ స్తంభమైనా కొన్నేళ్లకి ఒరుగుతుంది. నెలవంక బీట కనబడితే మాత్రం ఆ రాత్రి కంటి మీద కునుకు ఉండేది కాదు. నేల పైపొర నెమ్మదిగా జరగడం వేరు, ఒక ముక్క మొత్తంగా ఊడి దిగడానికి తయారవడం వేరు. మీ బీట రెండో రకం. కింద ఆనుకుని ఉన్న మట్టిని జేసీబీ తీసేసింది. గోడకి ఆనించిన బస్తాల దొంతరలో అడుగు బస్తా లాగితే పైవి ఏమవుతాయో అదే.

ఈ రెండు రోజుల్లో చేయాల్సినవి రాస్తున్నాను. బీటకి ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఇనుప మేకులు గట్టిగా దిగ్గొట్టి, వాటి మధ్య దూరం రోజూ ఒకే వేళకి టేపుతో కొలిచి రాసుకోండి. బీటలోకి నీళ్లు దిగకుండా జిగటమట్టి కూరి, పైన టార్పాలిన్ కప్పండి. అంచుల మీద రాళ్లు పెద్దవి పెట్టకండి, బరువు పెరుగుతుంది. బీటకి పదిహేను ఇరవై అడుగుల ఎగువన అడ్డంగా ఒక కాలవ తీసి, కొండ మీద నుంచి వచ్చే నీటిని పక్క గెడ్డలోకి, అంటే కొండవాగులోకి మళ్లించండి. కాలవలో నీళ్లు నిలవకూడదు, నిలిస్తే అవి లోపలికే ఇంకుతాయి. కోసిన గోడ అడుగున పడిన మట్టిని దారి బాగుచేస్తామని ఎవరైనా వచ్చి ఎత్తితే ఆపండి. ఇప్పుడు ఆ కుప్పే కొండకి ఆసరా.

ఒకటి గుర్తుపెట్టుకోండి. తేటగా కారే ఊట ఉన్నట్టుండి ఎర్రగా కారితే లోపల మట్టి కదిలినట్టు. గెడ్డలో వాన కురుస్తూండగానే నీళ్లు తగ్గిపోతే ఇంకా ప్రమాదం, పైన ఎక్కడో మట్టి జారి అడ్డుకట్ట పడి ఉంటుంది. చెట్ల వేళ్లు పటపట తెగే చప్పుడు వినబడితే సామాన్లు చూసుకోకుండా పక్కకి పరుగెత్తాలి. కిందికి కాదు, గెడ్డ వెంట అసలే కాదు. నా సర్వీసులో ఒక్కసారే ఆ చప్పుడు విన్నాను. వెదురు విరిగినట్టు ఉంటుంది. ఎర్ర దీపం చూపించి బండి ఆపేలోపే మూడు వ్యాగన్లకి సరిపడా మట్టి పట్టాల మీద పడింది.

గ్రామ సచివాలయంలో, తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పండి. ఫొటోలో స్కేలు పెట్టి తీయండి.

రాళ్ల పిచ్చి:
కాపలా గారు ప్రమాదం సంగతి చెప్పేశారు. నేను మాస్టారి మిగతా ప్రశ్నలకి చెబుతాను. విశాఖలో జియాలజీ చదివాను, ఫీల్డ్‌వర్క్ అంతా మీ కొండల్లోనే.

మాస్టారూ, మీరు ఇచ్చిన కొలతతోనే ఒక లెక్క వేశాను. ఐదడుగులకి నాలుగంగుళాలు ఒరిగితే, భూమిలో ఉన్న రెండడుగులకి అంగుళంన్నర పైచిలుకు, అంటే 40 మిల్లీమీటర్లు. స్తంభం అడుగుభాగం కదల్లేదనుకుంటే, పైనున్న నేల పద్నాలుగేళ్లలో అంత జరిగింది. ఏడాదికి దాదాపు మూడు మిల్లీమీటర్లు. పశువులు రుద్దుకోవడం, తీగ లాగడం కూడా కొంత కలిసి ఉండొచ్చు కానీ, పదకొండూ ఒకే వైపు ఒరిగాయి, చదునులోవి ఒరగలేదు కాబట్టి ఇది మట్టి పాకడమే. వానకి మట్టి ఉబ్బుతుంది, ఎండకి కుదించుకుపోతుంది. ఉబ్బేటప్పుడు వాలుకి లంబంగా పైకి లేస్తుంది. కుదించుకునేటప్పుడు బరువుకి నిలువుగా దిగుతుంది. ప్రతిసారీ రేణువు రవ్వంత దిగువకి చేరుతుంది. చెదలు, వానపాములు, ఎలుకలు పైకి తెచ్చిపోసిన మట్టి కూడా దిగువకే దొర్లుతుంది. పైపొర ఎక్కువ, లోపలి పొర తక్కువ కదులుతాయి కాబట్టి స్తంభం జరిగిపోకుండా ఒరుగుతుంది. చెట్టుది కూడా అదే కథ. మొక్కగా ఉన్నప్పుడు ఒరిగింది, ఎదుగుతూ మళ్లీ ఆకాశం వైపు తిరిగింది.

కొండ ఆకారానికి కూడా ఇదే కారణం. శిఖరం దగ్గర ఒక గజం నేల మీదుగా దాటాల్సిన మట్టి కొంచెమే. కిందికి వచ్చేకొద్దీ ఎగువన పుట్టిన మట్టి కూడా దాని మీదుగానే దాటాలి. ఎక్కువ మట్టి దాటాలంటే వాలు పెరగాలి. అందుకే శిఖరం గుండ్రంగా మొదలై పోనుపోను నిటారవుతుంది. 1909లో గిల్బర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ సంగతి చెప్పారు. ఎంత సులువైన మాట! మొదటిసారి చదివిన రోజు హాస్టల్ కిటికీలోంచి కనబడే కొండని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇంకా కిందికి వస్తే వాననీరు పోగవుతుంది. మట్టిని మోయడానికి నీరుంటే అంత వాలు అక్కర్లేదు, అందుకే అడుగున మళ్లీ చదునవుతుంది. గాలికొండ దగ్గర పైభాగం బల్లపరుపుగా ఉండే కొండలు వేరు. వాటికి బాక్సైట్ టోపీ ఉంది, ఆ గట్టి పొర అరగకుండా కాపాడుతోంది.

మీ రాయి పేరు ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. దాదాపు వంద కోట్ల ఏళ్ల క్రితం భూమి లోపల ఇరవై కిలోమీటర్లకి పైగా లోతులో వేడికీ ఒత్తిడికీ మారిన రాయి. పైనున్నదంతా అరిగిపోతేనే అది మనకి కనబడుతోంది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నీటికి కుళ్లి బంకమట్టి అవుతుంది, గార్నెట్ అనే ఇంకో ఖనిజంలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రరంగు ఇస్తుంది. షెడ్డు గుంతలో మళ్లీ దిగితే గోడ మీద గోరుతో గీకి చూడండి. కొన్నిచోట్ల రాతి చారలు అలాగే కనబడతాయి కానీ చేత్తో నలిపితే పిండి అవుతుంది. చారలున్నచోట ఆ రాయి అక్కడే కుళ్లింది. చారల్లేకుండా గులకలు కలగాపులగంగా ఉన్న పొర పైనుంచి వచ్చిపడింది. తాతగారి మట్టిలో కొంత ఆ పొరలో ఉండే ఉంటుంది. మిగతాది గెడ్డలోంచి గోస్తని నదిలోకి పోయింది. కొంత తాటిపూడి జలాశయంలో ఆగుతుంది. ఆనకట్ట కట్టక ముందు పోయింది భీమిలి సముద్రతీరం దాకా చేరే ఉంటుంది. భీమిలి ఇసుకలో గులాబీ చారలు చూసే ఉంటారు. అవి గార్నెట్ రేణువులు, మన తూర్పు కనుమల రాళ్లలోంచి వచ్చినవే.

జారడానికి అసలు కారణం నీరు. మట్టి రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని వాలు మీద నిలబడతాయి. సందుల్లో నీరు నిండితే ఆ నీటి ఒత్తిడి రేణువుల్ని విడదీస్తుంది, పట్టు తగ్గుతుంది. కోసిన గోడలో రాతి పొరలు దారి వైపు వాలి ఉన్నాయో, కొండలోకి వాలి ఉన్నాయో చూడండి. దారి వైపు వాలి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

పాడేరు మిరియాలు:
అన్నయ్యా, మాది పాడేరు పక్కన. బీటకి ఎగువన సిల్వర్ ఓక్ కొట్టనివ్వకండి, ఏ వ్యాపారి ఎంత ఇస్తానన్నా సరే. చెట్టు కొట్టిన ఏడాది ఏమీ అనిపించదు. వేళ్లు కుళ్లడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఆ తర్వాత వానకి కొండ జారుతుంది. మా ఆయన వాళ్ల అన్నగారి పొలంలో నా కళ్లతో చూశాను.

ఇంకోటి, వాలు మీద పసుపు వేస్తుంటే మానేయండి. పసుపు తవ్వినప్పుడల్లా జానెడు లోతున నేలంతా గుల్లవుతుంది. మేము మానేసి, వాలుకి అడ్డంగా రాళ్ల కట్టు పేర్చి, దాని వెంట అనాస వేశాం. మూడేళ్లకి కట్టు వెనక బెత్తెడు మట్టి నిలిచింది. కోసిన గోడ పైఅంచున వట్టివేరు నాటండి, అది నిలువునా లోతుకి దిగుతుంది. కానీ బీట కదలడం ఆగాకే నాటాలి. ఇప్పుడు అక్కడికి ఎక్కకండి.

అనంతగిరి మాస్టారు:
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులు చదివిన రాత్రే చిన్నాన్నకి ఫోన్ చేశాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న కొండ నన్నేం చేస్తుందిరా అన్నాడు. మర్నాడు నేను వెళ్లి, బీటలో నా రెండు వేళ్లు పెట్టి చూపించాక ఏమీ మాట్లాడలేదు. సాయంత్రానికి అందరూ మా అత్త ఇంటికి మారారు. మేకలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. తహసీల్దార్ ఆఫీసులో కాగితం ఇచ్చి రశీదు తీసుకున్నాను.

ఊళ్లో కుర్రాళ్లు నలుగురితో కలిసి ఎగువన కాలవ తీశాం. గోడలో పొరలు చూశాను, రాళ్ల పిచ్చి గారూ. దారి వైపే వాలి ఉన్నాయి. షెడ్డు గుంతలో పైన నాలుగడుగులు కలగాపులగం మట్టి, కింద రెండడుగులు చారలున్న రాయి. చారల ముక్క ఒకటి విరిచి చేతిలో నలిపితే పిండి అయిపోయింది. అరచేతిలో చిన్న చిన్న గులాబీ గింజలు నాలుగైదు మిగిలాయి, కాగితంలో పొట్లం కట్టి దాచాను.

మేకులు కొట్టిన రోజు దూరం 61 సెంటీమీటర్లు. ముసురు పట్టిన రెండో రోజున 61.8. కాలవ తీశాక మూడు రోజులుగా 62.1 దగ్గరే ఉంది. రేపు మళ్లీ వాన అంటున్నారు. పొద్దున్నే కొలిచి ఇక్కడ రాస్తాను.