గంగ విడుము: శ్రీనాథుడి చాటువులో నవ్వు ఏ మాటలో ఉంది?

మొన్న మన గుంపులో ఒకరు ఈ పద్యం పెట్టి "ఇది భక్తా, వేళాకోళమా?" అని అడిగారు. అప్పటి నుంచి చర్చంతా "ఇద్దరాండ్రా" అన్న మాట చుట్టూనే తిరుగుతోంది. నా దృష్టిలో ఈ పద్యానికి ప్రాణం ఆ మాటలో లేదు, "విడుము"లో ఉంది. ఎందుకంటున్నానో చెప్తాను. ముందు పద్యం మళ్లీ ఒకసారి:

సిరిగలవానికి చెల్లును
తరుణులు పదియారువేలు తగ పెండ్లాడన్
తిరిపెమున కిద్దరాండ్రా
పరమేశా గంగ విడుము పార్వతి చాలున్

శ్రీనాథుడు పలనాడులో తిరుగుతూ దాహానికి నీళ్లు దొరక్క శివుడితో ఇలా అన్నాడని కథ. చాటువు, అంటే సందర్భానికి తగ్గట్టు అప్పటికప్పుడు చెప్పిన విడి పద్యం కాబట్టి, పుస్తకంలోకి ఎక్కకముందు చాలాకాలం నోటి మీదే బతికింది. అందుకే కొందరు "తిరిపమున" అంటారు, కొందరు "విడువు" అంటారు. ఛందస్సు మాత్రం ఎక్కడా సడలలేదు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం రకారం, రెండో పాదంలో త-త, నాలుగో పాదంలో ప-పా యతి. ఇంత కట్టుదిట్టమైన కందంలో మాట్లాడుతున్నట్టే సాగుతుంది చూడండి, నాకు అది ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక మాటలు. "సిరిగలవాడు" అంటే డబ్బున్నవాడు, లక్ష్మి ఉన్నవాడు కూడా. సిరి అన్నది శ్రీకి తెలుగు రూపమే కదా. కాబట్టి మొదటి పాదం వినగానే ముందు ఎవరో ధనవంతుడు గుర్తొస్తాడు, "పదియారువేలు" వచ్చేసరికి ఆ ధనవంతుడు కృష్ణుడని తెలుస్తుంది. విష్ణువు పేరు ఎత్తకుండానే ఆయన్ని తెచ్చి శివుడి పక్కన నిలబెట్టాడు.

"తిరిపెము" అంటే బిచ్చం. తిరియు అంటే అడుక్కోవడం. బిచ్చపు బతుక్కి ఇద్దరు పెళ్లాలా అని అడుగుతున్నాడు. "ఆండ్రు" అనేది "ఆలు"కి బహువచనం. ఇల్లాలు-ఇల్లాండ్రు లాగే. ఆలుమగలు అన్న జంటమాటలో తప్ప ఆలు ఇప్పుడు మన వాడుకలో పెద్దగా వినపడదు, అందుకే పిల్లలకి ఈ పాదం విడదీసి చెప్పాలి.

అసలు సంగతి ఇక్కడ. భార్యని విడవడం అంటే వదిలేయడం. నీళ్లని విడవడం అంటే పారనివ్వడం. ఒక్క క్రియ రెండు పనులూ చేస్తోంది. జటలో బంధించి పెట్టుకున్న గంగ, దాహంతో ఉన్న మనిషి, మధ్యలో "విడుము". ఇప్పటికీ మనం "కాలువకి నీళ్లు వదిలారు" అనే కదా అంటాం. పైగా తెలుగువాళ్లకి గంగ అంటే ఒక నది పేరు మాత్రమే కాదు, నీళ్లకి పేరు. బోరు వేస్తే "గంగ పడింది" అంటాం. అంచేత సంసారం గురించి సలహా ఇస్తున్నట్టు మొదలుపెట్టిన మనిషి చివరికి అడిగింది గుక్కెడు మంచినీళ్లు. ఇద్దరాండ్రా దగ్గర పెదవి మీద నవ్వు వస్తుంది, విడుము దగ్గర ఆ దాహం తెలుస్తుంది.

పలనాడుకి ఉత్తరపు అంచున కృష్ణ పారుతూనే ఉంటుంది. పైనున్న మెరక నేలకి మాత్రం ఆ నీళ్లు అందేవి కావు. "నాగులేటి నీళ్లు, నాపరాళ్లు" అని ఇంకో చాటువులో ఆయనే ఆ సీమని లెక్కపెట్టాడంటారు. నాగార్జునసాగర్ కట్టాక 1967లో కుడి కాలువకి నీళ్లు వదిలారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ పద్యమే.

భక్తా, వేళాకోళమా అన్న ప్రశ్నకి అలంకారశాస్త్రం వ్యాజస్తుతి, అంటే తిట్టినట్టు కనిపించే పొగడ్త, అని పేరు పెట్టి ఊరుకుంటుంది. పేరు సరే, నాకు ముఖ్యం అనిపించేది వేరే. నవ్వు ఇక్కడ అడిగేవాడి పరువు కాపాడుతోంది. కొండవీటి రెడ్ల దగ్గర విద్యాధికారిగా ఉన్న కవి, నీళ్లు ఇమ్మని చేయి చాపాలి. చాపకుండా, బిచ్చగాడివి నువ్వే అని దేవుడికే గుర్తుచేశాడు. దీని పక్కన రామదాసు కీర్తన పెట్టి చూడండి. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణి నిలదీసినవాడు, అదే పాటలో దెబ్బలకి ఓర్వలేక తిట్టానని ఒప్పుకుని, ఆయాసపడొద్దని బతిమాలుకుంటాడు. కోపంతో అన్నమాటకి క్షమాపణ కావాల్సి వచ్చింది. శ్రీనాథుడి మాటకి అక్కర్లేకపోయింది. ఇద్దరిదీ కష్టమే, నేను ఎవరినీ తక్కువ చేయడం లేదు. జైల్లో ఉన్నవాడికి నవ్వు రావాలని ఎవరు అడగగలరు?

ఇక బడి సంగతి. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. మొదట్లో ఈ పద్యానికి వరసగా ప్రతిపదార్థం రాయించి, తర్వాత భావం చెప్పేదాన్ని. ఒక్కరూ నవ్వేవారు కాదు. విప్పి చెప్పాక నవ్వడానికి ఇంకేం మిగలదు. తర్వాత వరస మార్చాను. ముందు ఎండ, రాళ్లు, దాహం చెప్పి, పద్యం చదివి, "ఈయన శివుణ్ణి ఏం అడిగాడు?" అని మాత్రం అడుగుతాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఒక మూల నుంచి "నీళ్లు!" అని వస్తుంది. అక్కడి నుంచి క్లాసంతా నవ్వే. నవ్విన పిల్లలకి తిరిపెము అన్న మాట పరీక్ష అయిపోయాక కూడా గుర్తుంది. వేరే పాఠంలో అది ఎదురైతే "టీచర్, శివుడి మాట" అన్నారు.

ఈ చర్చలో ఒక సభ్యురాలు, భార్యని వదిలేయమనడం నవ్వే విషయమా అని అడిగారు. ఆ ప్రశ్నని తేలిగ్గా తీసేయలేను. ఒక ఏడాది అందరూ నవ్వుతుంటే ఒక అబ్బాయి తల వంచుకుని పుస్తకం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. వాళ్ల నాన్న ఇంకో ఇల్లు పెట్టాడని నాకు తర్వాత తెలిసింది. పద్యంలో దోషం లేదు, నేను చెప్పిన తీరులో ఉంది. "ఇద్దరు పెళ్లాలు" అన్నమాటని గొంతు పెంచి, ఆగి, నవ్వు కోసమే చెప్పాను. అప్పటి నుంచి ఆ పాదం మామూలుగా చదివి వెళ్లిపోతున్నాను. "విడుము" దగ్గర ఆగుతున్నాను. నవ్వు తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు నవ్వేది ఆ మాట చేసిన పనిని చూసి. పిల్లలు రెండర్థాలూ వాళ్లంతట వాళ్లే పట్టుకుంటున్నారు.

పలనాడు సభ్యులకి ఒక ప్రశ్న. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఈ పద్యం "విడుము" అని చదివేవారా, "విడువు" అనా? తిరిపెం అన్నమాట మీ వైపు ఎవరి నోటైనా ఇంకా వినపడుతోందా? వింటే ఏ సందర్భంలో అన్నారో కూడా రాయండి.