సమస్యాపూరణం: ఊరు విడిచిన గిత్త మా యూరి పరువు

ఇచ్చిన పాదం ఆఖరున వచ్చేలా పద్యం పూర్తి చేయడమే సమస్యాపూరణం. ఈసారి ఇచ్చిన పాదం తేటగీతి అనే ఛందస్సులోది. ఊరు వదిలి పోయినవాళ్ళను ఎవరూ నెత్తిన పెట్టుకోరు, మరి గిత్తనెందుకు పెట్టుకున్నారు? చిక్కంతా అక్కడే ఉంది. ఒంగోలు పక్కనున్న కరవదిని తలచుకుని ఇచ్చాను గానీ ఎవరి దారి వారిదే. గుండ్లకమ్మ, పాలేరు, మూసీగట్టు అనే పేర్లతో ముగ్గురు పూరించారు.

గుండ్లకమ్మ:

కరవదిని పుట్టి కడలులు కడచి పోయి
బ్రెజిలు మందల కెల్లను బీజ మయ్యె
మూపుమీదను మా పేరు మోసె నదియె
ఊరు విడిచిన గిత్త మా యూరి పరువు

నా మాట: ఇది జరిగిన కథే. 1960ల్లో బ్రెజిల్ వెళ్ళిన ఆ గిత్తను అక్కడివాళ్ళు ఊరి పేరుతోనే ‘కర్వాది’ అన్నారు. నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అని పిలిచే అక్కడి పశువుల్లో దాని సంతతి చాలా ఉంది. ఒంగోలు గిత్త అందమంతా మూపురంలోనే కదా, మూడో పాదం చదవగానే బొమ్మ కట్టింది. ‘అదియె’ మాత్రం పాదం నింపడానికి వచ్చింది. ‘మోసె నచట’ అంటే గణం (గురులఘువుల లెక్క) చెడదు, చోటూ తెలుస్తుంది.

పాలేరు:

పెద్ద పోయిన వేళలో పేరు నిలుప
మేటి దూడను గుడి పేర మీదు గట్టి
పొలము లన్నింట స్వేచ్ఛగా బోవనిచ్చి
ఊరు విడిచిన గిత్త మా యూరి పరువు

నా మాట: భేష్! ఊరినే కర్తను చేసేశారు. గిత్త ఊరిని విడవలేదు, ఊరే గిత్తను దేవుడి పేరున విడిచింది. అలా వదిలేది ఏదో ఒక దూడను కాదు. కాళ్ళు, మూపురం, నడక చూసి పెద్దలు మేలైనదాన్నే ఎంచేవారు. అది ఎవరి చేలో పడి మేసినా కర్ర ఎత్తేవారు కాదు, ఊళ్ళో ఆవులన్నిటికీ అదే ఆబోతు. ఒంగోలు జాతి నిలవడంలో ఈ ఆచారానిది పెద్ద చెయ్యి.

మూసీగట్టు:

బండ లాగిన బాటెల్ల దుమ్ము రేగ
జనము కేకల నడుమను చనెడి దిట్ట
పొరుగు పోటీల గెలుచుటే పూనికగను
ఊరు విడిచిన గిత్త మా యూరి పరువు

గుండ్లకమ్మ: మొదటి పాదంలో యతి తప్పిందండీ, పాదం మొదటి అక్షరం ‘బ’కు నాలుగో గణం మొదటి అక్షరం ‘దు’తో మైత్రి (ధ్వని పొత్తు) లేదు. ‘దుమ్ము రేగ’ బదులు ‘పర్వ దుమ్ము’ అంటే సరిపోతుంది. ఇంకోటి, బండ లాగేది జత. కాడికి రెండో వైపున్న గిత్త పద్యంలో ఎక్కడా కనిపించదు.

నా మాట: రెండూ సరైన మాటలే. యతి సులువుగా దిద్దుకోవచ్చు, జతను తేవాలంటే రెండో పాదం తిరగరాయాలి. కేకల హోరు మాత్రం పోనివ్వకండి, పద్యానికి ప్రాణం అదే.

ఈ విడత నా ఓటు పాలేరు గారికి. ఒక్క అక్షరం మార్చకుండా, గిత్తను ఊరు దాటించకుండా చిక్కు విప్పారు. కందం అనే పద్యరీతిలో పట్టు ఉన్నవాళ్ళు 2002 జాతీయ క్రీడల చిహ్నం ‘వీర’ మీద రాయండి. అదీ ఒంగోలు గిత్తే, దాని మీద ఇక్కడ ఒక్క పద్యమూ రాలేదు.